చీతా పోయెను, సింహము నిలిచెను

కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు సింహముతో నిత్యపరిచయము కలదు. మన చేతిమీదుగా పోవు ఉత్తరువులమీదను, జేబులోని గుర్తింపుచీటిమీదను, బజారులో మారు నాణెములమీదను సారనాథ స్తంభశిరస్సునందలి సింహములు కొలువుదీరియున్నవి. 1950 జనవరి 26వ తేదీన భారతప్రభుత్వము దానిని రాజచిహ్నముగా స్వీకరించినది. అశోకుని శిల్పి చెక్కినవి నాలుగు సింహములు. కాగితముపై మనకు కనబడునవి మూడే. నాలుగవది వెనుకవైపున ఉన్నదని చిన్నపిల్లవాడును చెప్పగలడు. అడవిలోని మృగము విషయమున మాత్రము ఇట్టి ధైర్యము చెల్లదు. కనబడని మృగము పొదచాటున ఉన్నదో, అసలే లేకుండ పోయినదో చెప్పుట మిక్కిలి కష్టము.

గడచిన నూరు, నూటయేబది సంవత్సరములలో మన దేశమునందలి మూడు పెద్ద మార్జాలజాతి మృగముల చరిత్ర ఈ ప్రశ్నచుట్టునే తిరిగినది. చీతా నశించెను, సింహము చావు తప్పి బ్రదికెను, పెద్దపులి రెండుమారులు గండమునుండి గట్టెక్కెను. వాని గతులు ఇట్లు వేరగుటకు కారణములు పెక్కులు కలవు. వానిలో ఒకటి మనవంటి దస్త్రములవారికి వెంటనే బోధపడునది. మృగమును ఎవరో చూచుట, చూచినదానిని ఉన్నదున్నట్లు వ్రాయుట, వ్రాసినదానిపై వేళ మించకమునుపే చర్య తీసికొనుట — ఈ మూడును ఒకచోట కూడినపుడు మృగము నిలిచినది. ఒక్కటి లోపించినచోట దానికి ముప్పు వచ్చినది.

మొదట చీతా కథను విచారింతము. మన వాడుకలో చిరుతపులియు, చీతాయు తరచుగా కలసిపోవుచున్నవి. పత్రికలు సైతము ఒకదానిపేరు వేరొకదానికి పెట్టుట కలదు. ఇవి రెండును వేరు మృగములు. చిరుతపులి ఒంటిపై మచ్చలు పూలవలె విచ్చుకొని, నడుమ ఖాళీగా ఉండును. చీతాకు బొట్టు పెట్టినట్లు నిండుచుక్కలుండును. చీతా కంటికొననుండి నోటివరకు కన్నీటిచారవంటి నల్లని గీత దిగియుండును. దాని గోళ్లు పూర్తిగా లోనికి ముడుచుకొనవు. చిరుతకు గుట్టలు, చెట్లు, చీకటి ఇష్టము. చీతాకు గడ్డిబీళ్లు, పలుచని పొదలుగల మైదానములు కావలెను. అది పగటివేళ జింకను తరిమి పట్టు మృగము. సంస్కృతమున చిత్రక అను మాటనుండియే దానికి చీతా అను పేరు కలిగినది. ఈ మృగమునకు మన దేశపు మాటయే ఆంగ్లభాషలోను స్థిరపడియుండగా, మృగము మాత్రము మన దేశమున మిగులలేదు.

చీతాకు కీడైనది ముందుగా దాని సాధుస్వభావమే. పట్టి మచ్చిక చేసినచో అది వేటకుక్కవలె యజమాని మాట వినును. రాజులు దాని కళ్లకు గంతలు కట్టి, ఎడ్లబండిపై మైదానమునకు గొనిపోయి, కృష్ణజింకల మంద కనబడగానే గంతలు విప్పి వదలుచుండిరి. అక్బరు చక్రవర్తి వేయి చీతాలను కూడబెట్టెనని జహంగీరు తన స్వీయచరిత్రమున వ్రాసికొనెను. చెరలో అవి జతకట్టవనియు, తన కాలమున మాత్రము ఒక జంటకు మూడు కూనలు పుట్టినవనియు కూడ ఆయనయే వ్రాసెను. ఈ చిన్నవిషయము మిక్కిలి విలువ గలది. ఆ తరువాత మానవుని చెరలో చీతా కూనలు పుట్టినట్లు 1956లో అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలయందుగాని నమోదు కాలేదు. చెరలో సంతతి లేనందున, రాజుల శాలలు నిండవలెనన్న ప్రతి చీతాను అడవినుండియే పట్టి తేవలసివచ్చెను. ఒక్కొక్క పెంపుడు చీతా అడవిలో ఒక సంతానపరంపరకు ముగింపు అయ్యెను.

మన తెలుగుగడ్డకును ఈ కథతో సంబంధము కలదు. 1880లో విశాఖపట్టణ మండలమున గవర్నరు ఏజంటుగానుండిన ఇర్విన్ అను ఆంగ్లేయుడు, వేటసందర్భమున విజయనగర సంస్థానాధీశుని పెంపుడు చీతావలన గాయపడి మరణించెను. మన దేశమున చీతావలన మనుష్యుడు మరణించినట్లు చరిత్రకెక్కిన సంఘటన ఇది యొక్కటియే. ఇట్టి మృగమును క్రూరమృగముల పట్టికలో చేర్చి, 1871 మొదలుకొని దానిని చంపినవారికి బహుమానము లిచ్చుట ఆంగ్లప్రభుత్వము సాగించెను. ఆపైన బీళ్లు దున్నబడి పొలములయ్యెను, కృష్ణజింకలు తరిగెను. ఇరువదవ శతాబ్ది ఆరంభమునకే స్వదేశమున చీతాలు దొరకక, కొల్హాపురము, భావనగరము మున్నగు సంస్థానములవారు ఆఫ్రికానుండి వానిని తెప్పించుకొనసాగిరి. దిగుమతి మొదలైన దినముననే ఆపద తెలియవలసినది. ఆ దిగుమతిని చూచి అడవిలో ఎన్ని మిగిలినవని అడిగి లెక్కవ్రాసిన కార్యాలయ మొక్కటియు లేకపోయెను.

1947లో, నేటి ఛత్తీసుగఢ్ రాష్ట్రమునందలి కొరియా సంస్థానపు మహారాజు రామానుజ ప్రతాపసింగ్ దేవ్ ఒకరాత్రి మూడు చీతాలను కాల్చి చంపెను. మూడును మగవి, ఒక ఈతలో పుట్టిన అన్నదమ్ములై యుండునని ఊహించిరి. ఆ వృత్తాంతమును బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘము వారి పత్రికకు ఆయన ఆంతరంగిక కార్యదర్శి పంపెను. సంపాదకులు దానిని ప్రచురించిరి. ఇంత అరుదైన మృగమును చంపుటను గట్టిగా గర్హించుచు తమ అభిప్రాయమును గూడ చేర్చిరి. మన దేశమున చీతా ఉనికికి నిస్సందేహమైన కడపటి సాక్ష్యము ఆ మూడు కళేబరములే. చూచినవాడు తుపాకితో చూచెను. వ్రాసినవాడు మరణమును వ్రాసెను. చర్య తీసికొనుటకు ఏమియు మిగులలేదు.

అంతటితో కథ ముగిసినదా? అదే పత్రికలో 1952లో కర్క్‌పాట్రిక్ అను ఆయన చిత్తూరు జిల్లాలో చీతా కనబడినట్లు ఒక వార్త ప్రచురించెను. చిత్తూరు అప్పటికి మద్రాసు రాష్ట్రమున నుండెను. చంపకుండ చూచి వ్రాసిన ఆ వార్తయందు మన కొక ఆర్ద్రత కలుగుచున్నది. ఆ చీతా నిజముగా నుండినచో, తెలుగువారి పొలిమేరలలో తిరుగాడిన కడపటి చీతా అదియే కావచ్చును. అయితే ఆ వార్త వెలువడిన 1952వ సంవత్సరముననే భారతదేశమున చీతా నశించినదని ప్రకటింపబడెను. ఆ యేటనే మైసూరులో జరిగిన కేంద్ర వన్యప్రాణి మండలి మొదటి సమావేశము, మధ్యభారతమున చీతా రక్షణకు ప్రత్యేక ప్రాధాన్య మీయవలెనని కోరెను. దస్త్రము తెరచునప్పటికి కక్షిదారుడు లేడు.

అయినను ఆశ చావలేదు. 1955లో ఆంధ్రరాష్ట్ర వన్యప్రాణి మండలి, రాష్ట్రమునందలి రెండు జిల్లాలలో ప్రయోగముగా ఆసియా చీతాను మరల ప్రవేశపెట్టవలెనని సూచించెను. ఇట్టి సూచనలలో ఇది మొట్టమొదటిది. కర్నూలు రాజధానిగా ఏర్పడి రెండేండ్లయినను నిండని రాష్ట్రము, పరిష్కరింపవలసిన సమస్యలు కొండలవలె నుండగా, పోయిన మృగమును గూర్చి తలపోయుట మనము గర్వింపదగిన విషయము. సూచన సూచనగానే నిలిచెను. 1970వ దశకమున భారతప్రభుత్వము ఇరానుతో సంప్రదింపులు జరిపెను. అప్పటికి అచట మూడువందల చీతాలున్నట్లు చెప్పబడుచుండెను. 1979లో షా ప్రభుత్వము కూలుటతో ఆ ప్రయత్నమును ఆగిపోయెను. నేడు ఆసియా చీతా మిగిలియున్న ఏకైక దేశము ఇరాను. అచటను అవి కొలదిసంఖ్యలోనే ఉన్నవి.

ఇక సింహము మాట. ఒకప్పుడు పర్షియానుండి బీహారువరకు సింహములు తిరుగాడెను. ఢిల్లీ పరిసరములందును అవి యుండెను. పందొమ్మిదవ శతాబ్ది చివరకు భారతదేశమున సౌరాష్ట్రములోని గిరి అడవి తప్ప వానికి వేరు దిక్కు లేకపోయెను. ఆ అడవి జునాగఢ్ నవాబు ఏలుబడిలో నుండెను. 1900లో రాజప్రతినిధి కర్జన్ ప్రభువు జునాగఢ్‌కు వెళ్లినపుడు, సింహము లెంత అరుదైనవో తెలిసికొని, తనకు ఏర్పాటైన సింహపువేట మానుకొని, వానిని రక్షింపవలెనని నవాబునకు సలహా నిచ్చెను. నవాబు రసూల్‌ఖాన్‌జీ, ఆయన తరువాత మహబత్‌ఖాన్‌జీ ఆ పని శ్రద్ధతో సాగించిరి. వేటకు అనుమతి దొరకుట దుర్లభమయ్యెను.

ఆ దినములలో గిరిలో మిగిలినవి పండ్రెండు సింహములే అను మాట దేశమంతట వ్యాపించెను. అతిథుల వేటకోరికలను కాదనుటకే సంస్థానమువారు సంఖ్యను తగ్గించి చెప్పిరని పలువురు చరిత్రజ్ఞులు తలచుచున్నారు. అదియే నిజమైనచో, అది మృగమును కాపాడిన అబద్ధము. కాని రక్షణ అబద్ధముపై ఎంతోకాలము నిలువదు. 1936లో సంస్థానమువారు లెక్క తీయగా 287 సింహములు తేలెను. అట్లు మొదలైన లెక్క స్వాతంత్ర్యానంతరమును ఆగలేదు. 1963లో 285 ఉన్నవి 1968 నాటికి 177కు దిగెను. లెక్క ఉండుటవలననే ఆ తరుగుదల కనబడెను. 1965లో గిరి అభయారణ్యమయ్యెను; 1975లో అందు జాతీయోద్యానము వెలసెను. 2010లో 411, 2015లో 523, 2020లో 674, 2025లో 891 సింహములు లెక్కకు వచ్చెను. ప్రపంచమున ఆసియా సింహము స్వేచ్ఛగా బ్రదుకు చోటు గుజరాతు ఒక్కటియే.

ఈ విజయమునకు గిరి అడవిలో పశువులను మేపుకొను మాల్‌ధారులును, చుట్టుపట్ల రైతులును చెల్లించిన మూల్యమును మరువరాదు. సింహము తినిన గేదె ఒక కుటుంబమునకు సంవత్సరపు జీవనాధారము. నష్టపరిహారము సకాలమున అందనిచోట విషము పెట్టిన కళేబరము సింహమున కెదురగును. అడవిశాఖ గుమాస్తా బల్లపై నష్టపరిహారపు కాగిత మెన్నిదినము లుండునో, దానినిబట్టి మృగము ఆయుర్దాయము నిర్ణయమగును. ఇది ఉద్యోగులమైన మనము మరువరాని సంగతి.

సింహములన్నియు ఒకేచోట నుండుట ప్రమాదమని పెద్దలు ఎంతో ముందుగానే గ్రహించిరి. 1957లో ఒక మగసింహమును, రెండు ఆడసింహములను గిరినుండి తెచ్చి, కాశీకి సమీపమున చంద్రప్రభ అభయారణ్యమున వదలిరి. సారనాథమునకు ఎంతో దూరము లేని అడవి అది. రాతిసింహముల పొరుగున ప్రాణమున్న సింహములు మరల గర్జించెను. 1965 నాటికి అవి పదునొకండైనవి. ఆ తరువాత ఒక్కటియు లేదు! అవి ఎట్లు పోయినవో చెప్పు దస్త్రము లేదు. వానిని అనుదినము వెంబడించి చూచు ఏర్పాటు లేనందుననే ఇట్లు జరిగెను. తెచ్చినపుడు చూపిన ఉత్సాహము కాచునపుడు చూపకపోయినచో ఫలిత మెట్లుండునో చంద్రప్రభ మనకు నేర్పుచున్నది.

2013 ఏప్రిలులో అత్యున్నత న్యాయస్థానము, గిరి సింహములలో కొన్నిటిని మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తరలింపవలెనని తీర్పు చెప్పెను. వాని కొరకే కూనోలోని ఇరువదినాలుగు గ్రామములవారు అంతకుముందే తమ ఇండ్లు విడిచి వెలుపలికి పోయియుండిరి. 2018లో గిరిలో కుక్కలకు సోకు డిస్టెంపర్ అను వ్యాధి వ్యాపించి, కొలదివారములలో ఇరువదికి పైగా సింహములు మరణించెను. ఒకే గంపలో గ్రుడ్లన్నియు పెట్టరాదని మన ఇల్లాండ్రకు తెలియని సంగతి కాదు. అయినను కూనోకు సింహములు రాలేదు.

పెద్దపులి కథ వేరొక పాఠమును నేర్పును. 1970లో పులివేట దేశమంతట నిషేధింపబడెను. 1972లో జరిగిన మొదటి అఖిలభారత గణనలో సుమారు 1,800 పులులు మాత్రమే తేలెను. ఆ సంవత్సరముననే వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చెను. 1973 ఏప్రిలు 1న పులుల పరిరక్షణ పథకము ఆరంభమయ్యెను. జాతీయమృగపీఠము సింహమునుండి పులికి మారెను. పులి అడుగుజాడలను అచ్చుతీసి, జాడనుబట్టి పులిని గుర్తించి లెక్కించుట ఆనాటి పద్ధతి. 2001-02లో ఆ లెక్క 3,642కు చేరెను. కాగితముపై అంతయు శుభముగానే యుండెను.

రాజస్థానములోని సరిస్కా అభయారణ్యమున 2004లో పదునారుకు తక్కువ కాకుండ పులు లున్నట్లు దస్త్రములు చెప్పెను. 2005 ఆరంభమున వెదకి చూడగా ఒక్క పులియు లేదు. దొంగవేటగాండ్రు వానిని ఏనాడో తుదముట్టించిరి. మృగములు చచ్చుచుండగా లెక్కలు మాత్రము బ్రదికియుండెను. లేని లెక్కవలన చీతా పోగా, కల్లలెక్కవలన సరిస్కా పులి పోయినది. రెండవ నేరమే పెద్దదని నా అభిప్రాయము. ఏలయన లెక్క లేనిచో భయమైనను కలుగును, కల్లలెక్క ఉన్నచో ఎల్లరును నిశ్చింతగా నిద్రింతురు.

ఆ సిగ్గునుండియే మేలు పుట్టెను. పులి చారలు మన వ్రేలిముద్రలవంటివి. ఏ రెండు పులులకును ఒక్కతీరున నుండవు. అడవిబాటల ప్రక్కన తమంతట తామే బొమ్మతీయు కెమెరాలను నిలిపి, చారలనుబట్టి పులిని గుర్తించు పద్ధతి ఆపైన వ్యాపించెను. కొత్తపద్ధతిన 2006లో వచ్చిన అంచనా 1,411 మాత్రమే. దేశము ఉలికిపడెను; కాపుదల పెరిగెను. 2014లో 2,226, 2018లో 2,967, 2022లో సగటున 3,682 పులులున్నట్లు అంచనాలు వెలువడెను. సరిస్కాకు 2008లో రణతంభోరునుండి పులులను తెచ్చి వదలగా, అచట మరల కూనలు పుట్టినవి. చిన్నదైనను నిజమైన సంఖ్య, పెద్దదైన కల్లసంఖ్యకంటె ఎక్కువ పులులను కాపాడినది.

మన నల్లమల ఇందుకు మంచి నిదర్శనము. కృష్ణానది కిరువైపుల వ్యాపించిన ఈ అడవి 1978లో అభయారణ్యమై, 1983లో పులుల పథకమున చేరెను. 2014లో రాష్ట్రవిభజన జరుగగా, ఉత్తరభాగము తెలంగాణలో అమ్రాబాదు పులుల అభయారణ్యమయ్యెను. దక్షిణభాగము నాగార్జునసాగరు–శ్రీశైలము పేరుతో ఆంధ్రప్రదేశ్‌లో నిలిచెను. అయినను అది ఇప్పటికిని దేశములోని పులుల అభయారణ్యములలో విస్తీర్ణమున పెద్దది. ఇచట కెమెరాలు పెట్టుచోటు చూపువారు చెంచులు. ఏ వాగున ఏ జాడ నిన్నటిదో, ఏది మొన్నటిదో వారు చూచి చెప్పుదురు. తరతరముల చూపు వారిది. దానిని వ్రాసి పైకి పంపు బాధ్యత ప్రభుత్వోద్యోగిది. ఈ రెండు చేతులును కలసినచోటనే పని జరుగుచున్నది.

కడపట చీతా మాట మరల చెప్పక తప్పదు. 2020లో అత్యున్నత న్యాయస్థానము ఆఫ్రికా చీతాను తెచ్చుటకు అనుమతించెను. 2022 సెప్టెంబరు 17న నమీబియానుండి ఎనిమిది, 2023 ఫిబ్రవరిలో దక్షిణాఫ్రికానుండి పండ్రెండు చీతాలు కూనోకు చేరెను. సింహముల కొరకు ఖాళీయైన అడవికి చీతాలు వచ్చెను! 2023 మార్చిలో అచట నాలుగు కూనలు పుట్టెను. మూడు ఆ వేసవియెండలకే మరణించెను. వచ్చిన పెద్దవానిలోను కొన్ని చనిపోయెను; మరికొన్ని నిలదొక్కుకొని పిల్లలను పెట్టెను. ఇవి మన పూర్వపు ఆసియా చీతాలు కావు, వాని ఆఫ్రికా దాయాదులు. ఈ ప్రయోగము తగునా తగదా అని పండితులలో భేదాభిప్రాయములు కలవు. ఒక్కటి నిజము. మెడకు రేడియోపట్టీ కట్టి విడిచిన ప్రతి చీతా జాడయు నేడు నమోదగుచున్నది. ప్రతి మరణమును ప్రజలకు తెలియుచున్నది. చంద్రప్రభ సింహములకు అంతమాత్రపు భాగ్యమును లేకపోయెను.

మైదానములు లేనిదే చీతా లేదు. గడ్డిబీడును మనము నేటికిని బంజరు అని కాగితములలో వ్రాయుచున్నాము. ఆ బంజరులోనే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువైన కృష్ణజింక బ్రదుకుచున్నది. కర్నూలు ప్రాంతపు రోళ్లపాడులో బట్టమేకపక్షి కొరకు అభయారణ్యము వెలసినదియు అట్టి నేలయందే. చీతాను చంపినవానిలో తుపాకియెంతటిదో బంజరు అను ఈ పదమును అంతటిదే.

నాటి కొరియా సంస్థానపు అడవులలో కొంతభాగము 2024లో పులుల అభయారణ్యముగా ప్రకటింపబడినది. ఆ నేలపై నిలిచిన నేటి కాపలాదారు చేతిలో తుపాకి ఉన్నను లేకున్నను, ఒక చిన్నపుస్తక మున్నది. జాడ కనబడిన దినము, వేళ, చోటు అందు వ్రాయబడును. సెలవులకు స్వస్థలములకు పోయినపుడు మన పిల్లలకు చిరుతకును చీతాకును గల భేదము చెప్పుదము. చెంచుపెద్దలు చెప్పుమాటను వినిపింతము. మన బల్లపైకి ఒక పశునష్టపు అర్జీయో, ఒక బీటి భూమి దస్త్రమో వచ్చినపుడు దానిని రేపటికి వాయిదా వేయక, ఉన్నదున్నట్లు వ్రాసి పైకి పంపుదము. మన కాగితములమీది సింహములకు మనము చేయగల సేవ అదియే.